రెండో భాషకు ఎంత చోటు?

బీబీపేట పేరులోనే రెండు భాషలున్నాయి. బీబీ ఉర్దూ, పేట తెలుగు. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు దోమకొండ నుంచి విడిపోయి ఇది మండలమైంది. తహసీల్దార్, పహాణీ, అర్జీ, రసీదు... ఆఫీసుకు పనిమీద వెళ్తే వినపడే మాటలు సగం ఉర్దూ తోవన వచ్చినవే. ఆఖరికి రైతు అనే మాట కూడా! కానీ అర్జీ మొత్తం ఉర్దూలో రాసిస్తే తీసుకోవాలా అని అడిగి చూడండి. "ఎందుకండీ, అందరికీ తెలుగొచ్చు కదా" అంటారు.

తీసుకోవాల్సిందే. 2017 నవంబర్‌లో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. అంతకుముందు ఆ హోదా జిల్లాల వారీగా ఉండేది. రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ప్రభుత్వానికి మొర పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం ఎప్పుడో చెప్పింది.

అందరికీ ఒకే రూల్ పెడితే సమానత్వమే కదా అని మా ఆఫీసులో ఫ్రెండ్స్ వాదిస్తుంటారు. నా పని సాఫ్ట్‌వేర్. ప్రతి స్క్రీన్‌కీ ముందే ఒక భాష పెట్టి ఉంటుంది. అది నీ భాషే అయితే అక్కడ ఒక సెట్టింగ్ ఉందన్న సంగతే నీకు తట్టదు. కెనడా తత్వవేత్త విల్ కిమ్లిక 1995లో రాసిన పుస్తకంలో ఇదే అంటాడు: ప్రభుత్వం మతం లేకుండా నడవగలదు, భాష లేకుండా నడవలేదు. ఏదో ఒక భాషను ఎంచుకోక తప్పదు. కాబట్టి మిగతా భాషలవాళ్లకు హక్కు ఇవ్వడం దయ కాదు, ఆ ఎంపిక వల్ల పడిన భారాన్ని కాస్త తగ్గించడం.

ఈ సంగతి మనకు కొత్తేం కాదు. నిజాం కాలంలో జనంలో ఎక్కువమంది భాష తెలుగే, కచేరీల్లో మాత్రం ఉర్దూ. 1921లో హైదరాబాద్ వివేకవర్ధని హాల్లో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మొన్నమొన్నటి కథా ఉంది. తమిళనాడులో 2006 చట్టం బళ్లలో తమిళం తప్పనిసరి చేశాక, అక్కడి తెలుగు పిల్లలు పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం కోర్టుకెక్కారు. అప్పుడు మనం వాళ్ల పక్షాన మాట్లాడాం. మరి ఇక్కడ?

ఉర్దూ ఇళ్ల పిల్లలే ఇంగ్లిష్ మీడియానికి పోతున్నారు కదా అనొచ్చు. నిజమే. తెలుగు పిల్లలూ అటే పోతున్నారు, అంతమాత్రాన తెలుగు బడి మూసేయమని ఎవరూ అనరు. తరగతిలో 10 మంది గానీ, బడిలో 40 మంది గానీ ఉంటే వాళ్ల భాషలో ప్రాథమిక చదువు చెప్పాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్నారు. కెనడా కూడా 1982లో ఫ్రెంచ్, ఇంగ్లిష్ మైనారిటీల పిల్లలకు, సరిపడా సంఖ్య ఉంటే, ఇలాంటి హక్కే రాసిచ్చింది.

ఇంతా చేసి మనం మాట్లాడింది పలుకుబడి ఉన్న భాష గురించే. ఉర్దూకు ఎనిమిదో షెడ్యూల్‌లో చోటుంది, సొంత లిపి ఉంది, పేపర్లున్నాయి. కామారెడ్డి జిల్లా తండాల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడే లంబాడీకి షెడ్యూల్‌లో చోటు లేదు. ప్రాథమిక చదువు అమ్మభాషలో చెప్పాలనే 350ఎ అధికరణం మాత్రం షెడ్యూల్ ఊసే ఎత్తదు. ఆ పిల్లలకు ఒకటో తరగతిలో అఆలు ఏ భాషలో మొదలుపెడుతున్నారో, ఈసారి బడి మీటింగ్‌కు వెళ్లినప్పుడు అడగండి.