పసుపు ఊరు... పొగమంచు ముసుగు

మంచు ఫొటోలంటే చాలామందికి లంబసింగి, అరకు గుర్తొస్తాయి. కానీ నిజామాబాద్‌ జిల్లా ఆర్మూరుకి చలికాలం తెల్లవారుజామున ఒక్కసారి వెళ్లి చూడండి. గుట్టలూ పసుపు చేలూ తెల్లటి దుప్పటి కప్పుకుని కనిపిస్తాయి!

ఆరు, మూరు... తొమ్మిది

ఊరికి కొండగుర్తు నవనాథ సిద్ధుల గుట్ట. ఆరు, మూరు కలిపితే తొమ్మిది... తొమ్మిది మంది సిద్ధులు తిరిగిన చోటు కాబట్టే ఆర్మూరు అయిందంటారు స్థానికులు. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే నల్లటి బండరాళ్లూ, గుహలోని శివాలయం ఇక్కడి ప్రత్యేకత. తెల్లటి మంచులోంచి ఆ నల్లరాళ్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఫొటోకి వేరే అలంకారం అక్కర్లేదు. గోదావరి మీది శ్రీరాంసాగర్‌ జలాశయం కూడా దగ్గరే. చలి ఎక్కువగా ఉన్న ఉదయాల్లో నీళ్లమీద ఆవిరి తేలుతుంటుంది.

తెలుపు తెల్లగా రావాలంటే...

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి వీచని రాత్రులు నేల త్వరగా చల్లబడుతుంది. దానికి ఆనుకున్న గాలిలోని తేమే పొగమంచవుతుంది. పొద్దెక్కితే కరిగిపోతుంది కాబట్టి సూర్యుడి కన్నా ముందే చేరుకోవాలి. కెమెరా దేన్నైనా బూడిదరంగు కిందే లెక్కేస్తుంది. అందుకే మంచు మసగ్గా పడుతుంది. ఎక్స్‌పోజర్‌ కాంపెన్సేషన్‌ని ప్లస్‌ 1 దాకా పెంచితే తెలుపు తెల్లగా వస్తుంది. ఫోనైతే తెరమీద వేలు పెట్టి వెలుతురు కాస్త పెంచితే చాలు. ఫోకస్‌ కుదరకపోతే బండ అంచునో, చెట్టు మొదలునో చూపించాలి. లెన్సు మీద చేరే తేమను మెత్తటి గుడ్డతో తుడుస్తుండాలి. ఇక్కడ 44, 63 నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. మంచులో ఎదురొచ్చే లారీ కనిపించదు. రోడ్డు పక్కన బండి ఆపి ఫొటోలు తీయడం ప్రమాదం.

రైతుకు అదే దిగులు

సంక్రాంతి దాటాక పసుపు తవ్వకాలు జోరందుకుంటాయి. కొమ్ములూ మండలూ వేరుచేసి ఉడకబెడుతుంటే లేచే ఆవిరి మంచులో కలిసిపోతుంది. కళ్లాల్లో ఆరబోసిన పసుపు మీద తొలి ఎండ పడితే... కెమెరాకి పండగే! రైతుకు మాత్రం ఆ మంచే దిగులు. ఉడికిన పసుపు ఎండడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా తేమ తగిలితే రంగు తగ్గుతుంది, రంగుతోపాటే ధరా పడిపోతుంది. అందుకే రాత్రిళ్లు కుప్పచేసి కప్పిపెడతారు. ఎండ వచ్చాకే విప్పుతారు.

ఎనిమిది, తొమ్మిది నెలల కష్టం ఆ కుప్పల్లోనే ఉంటుంది. గిట్టుబాటు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌ నుంచి 178 మంది రైతులు బరిలో దిగడం దేశమంతా చూసింది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌ కేంద్రంగా మొదలైంది.

కాబట్టి కళ్లంలో అడుగుపెట్టే ముందు రైతును ఒక్కమాట అడగండి. చెప్పులతో పసుపు తొక్కొద్దు, ఫొటో కోసం కప్పిన పట్టా తీయమనొద్దు. వీలైతే తీసిన ఫొటో ఒకటి వాళ్లకీ పంపండి.