ఆడపిల్లల చేతికి పనిముట్టు

మన సాహిత్య పత్రికల్లో విజ్ఞానశాస్త్రం మీద చర్చ వచ్చినప్పుడల్లా అది చాలావరకు మూఢనమ్మకాల ఖండన దగ్గరే ఆగిపోతుంది. ఆ ఖండన అవసరమే. అయితే శాస్త్రం అంటే సరైన అభిప్రాయాల మూట ఒక్కటే కాదు. అది ఒక పని కూడా. కొలవడం, కొయ్యడం, అతకడం, విప్పి చూడడం, తప్పిపోతే మళ్ళీ మొదటినుంచి చెయ్యడం - ఇదంతా చేతుల పని. ఆ చేతులు ఎవరివి అని అడిగితే వెంటనే స్త్రీల సమస్య మన ముందుకు వస్తుంది.

ఇంజనీర్లుగా, శాస్త్రవేత్తలుగా, సాంకేతిక నిపుణులుగా పనిచేస్తున్న స్త్రీలు బడి ఆడపిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, పనిముట్లు చేతికిచ్చి పని నేర్పే ప్రయత్నాలు అనేక దేశాల్లో జరుగుతున్నాయి. దీన్ని మెంటరింగ్ అంటున్నారు. మార్గదర్శకత్వం అని అనువదిస్తే అందులో ఉపదేశం వాసన వస్తుంది. మన పనివాళ్ళ దగ్గర ఇంతకన్నా మంచి మాట వుంది: 'చేతికింద' నేర్చుకోవడం. మేస్త్రీ చేతికింద, కమ్మరి చేతికింద, మెకానిక్ చేతికింద. ఈ మాటలో విషయం మొత్తం ఇమిడి వుంది. ఈ వ్యాసం వివరించదలచుకున్నది కూడా ఇదే: మెంటరింగ్ అనేది దయాదాక్షిణ్యం కాదు, చారిత్రకంగా స్త్రీలకు నిరాకరించబడిన ఒక వారసత్వాన్ని పూనుకుని నిర్మించడం.

1. వారసత్వం ఎవరికి?

ఖమ్మం జిల్లా సరిహద్దుకు ఆనుకుని, మామిడితోటల మధ్య, విజయవాడ - జగదల్‌పూర్ రహదారి మీద వున్న తిరువూరునే తీసుకుందాం. రహదారి మీది ఇలాంటి ఏ ఊళ్ళోనైనా లారీ షెడ్డులో ఒక కుర్రాడు కనిపిస్తాడు. ముందు స్పానర్లు అందిస్తాడు, తర్వాత నట్లు విప్పుతాడు, కొన్నేళ్ళకు ఇంజను చప్పుడు విని జబ్బు చెబుతాడు. ఈ ఏర్పాటులో దోపిడీ వుంది, బడి పోగొట్టుకున్న బాల్యం వుంది. దాన్ని మనం సమర్థించనక్కరలేదు. కాని ఆ షెడ్డులో ఒక నైపుణ్యం ఒక తరం చేతినుంచి మరో తరం చేతికి మారుతున్న మాట కూడా నిజం.

అదే ఊళ్ళో ఆడపిల్ల పని చెయ్యకుండా లేదు. నాట్లలో, కలుపుతీతలో, మామిడికాయల ఏరివేతలో, ఇంటిచాకిరీలో ఆమె చేతులు ఎప్పుడూ ఖాళీగా లేవు. అయితే యంత్రం దగ్గర ఆమెకు చోటు లేదు. తల్లి చేతికింద ఆమె నేర్చుకున్నదాన్ని 'పనిపాటలు' అన్నారు గాని విద్య అనలేదు. శ్రమ విభజన ఆడదాన్ని పనికి దూరం చెయ్యలేదు, పనిముట్టుకు దూరం చేసింది.

బడి ఈ లోటు తీర్చిందా? బడిలో శాస్త్రం మార్కుల రూపంలో వస్తుంది. ప్రయోగశాల చాలాచోట్ల తాళం వేసిన బీరువా. ఇంటర్మీడియెట్‌కు వచ్చేసరికి ప్రవేశపరీక్ష బిట్లు మిగతా చదువునంతా మింగేస్తాయి. విద్యుత్తు మీద వంద లెక్కలు తప్పులేకుండా చేసిన అమ్మాయి ఇంట్లో ఫ్యూజు పోతే తమ్ముణ్ణి పిలుస్తుంది. లోపం ఆ అమ్మాయి తెలివిలో లేదు. ఆమె చేతికి ఎవరూ టెస్టరు ఇవ్వలేదు.

2. లలిత ఒంటరి ప్రయాణం

తెలుగువాళ్ళలో ఈ గోడను మొదట దాటినవాళ్ళలో అయ్యలసోమయాజుల లలిత ముఖ్యురాలు. 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్ళకే పెళ్ళి. 1937లో భర్త చనిపోయేనాటికి ఆమెకు 18 ఏళ్ళు, ఒళ్ళో నాలుగు నెలల కూతురు. ఆ రోజుల్లో అలాంటి స్త్రీకి సమాజం ఏం రాసిపెట్టేదో మన నవలలు చాలినంతగా చెప్పాయి. లలిత క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివి, 1940లో గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ శాఖలో చేరింది. 1794లో సర్వే బడిగా మొదలైన ఆ సంస్థలో అంతవరకు ఆడవాళ్ళు లేరు. కొన్ని నెలల్లో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి సివిల్ శాఖలో చేరి ఆమెకు తోడయ్యారు. యుద్ధం వల్ల కోర్సు కుదించారు. 1943లో ముగ్గురూ పూర్తిచేశారు. పట్టా కాగితం మీద అచ్చయి వున్న పురుష సర్వనామాన్ని కొట్టేసి స్త్రీ సర్వనామం రాయవలసి వచ్చింది.

ఆ తర్వాత ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిసుగా పనిచేసింది. సిమ్లాలో ప్రమాణాల సంస్థలో పనిచేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. విద్యుత్ సరఫరా లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల నమూనాలు ఆమె పని. భాక్రానంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె పాత్ర వుంది. 1977లో పదవీ విరమణ చేసి, 1979లో మరణించింది.

ఈ జీవితాన్ని ఒక వ్యక్తి పట్టుదల కథగా చెప్పుకుని చప్పట్లు కొట్టడం తేలిక. కాని విమర్శకుడు చూడవలసినది వేరు. లలిత తండ్రి పప్పు సుబ్బారావు అదే గిండీ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యుడు. అంటే లలితకు 'చేతికింద' నేర్చుకునే అవకాశం ఇంట్లోనే దొరికింది. ఇది ఆమె ప్రతిభను తగ్గించే మాట కాదు. ప్రతిభకు ఎలాంటి వస్తుగత ఆధారం కావాలో చెప్పే మాట. అదే వయసులో వితంతువైన వ్యవసాయ కూలీ కూతురికి ఆ తండ్రి లేడు, ఆ కళాశాల ఆవరణా లేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. లలిత పుట్టిన 1919లోనే లండన్‌లో మహిళా ఇంజనీర్ల సంఘం ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్యాక్టరీలకు మగవాళ్ళు చాలక ఆడవాళ్ళను లేతు మిషన్ల దగ్గరికి పిలిచారు. యుద్ధం ముగియగానే, పాత పద్ధతుల పునరుద్ధరణ పేరిట చట్టం చేసి ఇంటికి పంపించారు. నేర్చిన పనిని వదులుకోబోమన్న స్త్రీలు పెట్టుకున్న సంఘం అది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి లలిత వెళ్ళింది. మరుసటి ఏడాది లండన్ సంఘంలో పూర్తి సభ్యురాలైంది. ఆమెకు వృత్తిలో తోటి స్త్రీల సంఘం దొరకడానికి సముద్రాలు దాటవలసి వచ్చింది. కలకత్తా డిజైను ఆఫీసుకూ కృష్ణాజిల్లా ఆడపిల్లల బడికీ మధ్య దారి ఎవరూ వెయ్యలేదు. ఆమె మరణించిన 1979లోనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్, 210 మెగావాట్లది, నడవడం మొదలుపెట్టింది. కరెంటు పల్లెలకు చేరింది. కరెంటు పని తెలిసిన స్త్రీ చేరలేదు.

3. పని నేర్పడమంటే ఏమిటి?

ఇంతకీ చేతితో నేర్పడం అంటే ఏం చేస్తారు? అది ఖరీదైన పరికరాల వ్యవహారం అనుకోనక్కరలేదు.

ఒక పాత సీలింగు ఫ్యాను తీసుకుందాం. అందులో రెండు తీగచుట్లు వుంటాయి. ఒక్క చుట్టకే కరెంటు ఇస్తే అయస్కాంత క్షేత్రం ముందుకూ వెనక్కూ ఊగుతుందే గాని తిరగదు. రెండో చుట్టకు కండెన్సరు గుండా కరెంటు పంపితే అది మొదటిదానికన్నా కాస్త ముందు నడుస్తుంది. ఆ తేడావల్ల క్షేత్రం తిరుగుతుంది, దాని వెంట ఫ్యానూ తిరుగుతుంది. సుమారు రెండున్నర మైక్రోఫారడ్ల చిన్న కండెన్సరు బలహీనపడితే ఫ్యాను మూలుగుతుంది, కదలదు. కర్రతో నెడితే కదులుతుంది. వేసవిలో ఫ్యానును కర్రతో నెట్టని ఇల్లు మన పల్లెల్లో అరుదు. దాన్ని విప్పి, చుట్లు వేరుచేసి, మీటరుతో కొలిచి, కండెన్సరు మార్చిన అమ్మాయికి 'దశాభేదం' అనే మాట ఇక కంఠస్థం చెయ్యనక్కరలేదు. కరెంటు తీసేశాక కూడా కండెన్సరు తీగలను ఎందుకు వెంటనే ముట్టుకోకూడదో కూడా ఆమెకు తెలుస్తుంది. జాగ్రత్త అనేది భయంకంటే భిన్నమైనదని అక్కడే నేర్చుకుంటుంది.

తిరువూరు ప్రాంతంలో మామిడి కూడా ఒక ప్రయోగశాలే. పక్వానికి వచ్చిన కాయలను రెండు గంపల్లో పెట్టి, ఒకదాంట్లో గడ్డి పరిచి, ఒక పండిన పండు వేసి కప్పి, రెండోదాన్ని తెరిచి వుంచి, రోజూ చూసి రాసుకుంటే చాలు. పండు విడుదల చేసే ఇథిలీన్ వాయువు మిగతా కాయల్ని మాగిస్తుంది. గడ్డి ఆ వాయువునూ వేడినీ పట్టి వుంచుతుంది. అమ్మమ్మలకు ఈ పని తెలుసు, వాయువు పేరు తెలియదు. వ్యాపారులు వాడే కార్బైడు తేమ తగిలి ఎసిటిలీన్ వదులుతుంది. అది ఇథిలీన్ చేసే పనినే చేస్తుంది గాని దాని వెంట ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు వస్తాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దాన్ని నిషేధించాయి. మాగబెట్టే గోదాముల్లో పనిచేసే చేతులు ఎవరివో, ఆ పొడి పీల్చేది ఎవరో పిల్లలు అడుగుతారు. శాస్త్రం అక్కడ సమాజాన్ని తాకుతుంది.

ఈ పనులు మగ ఉపాధ్యాయుడు నేర్పకూడదా? నేర్పవచ్చు, నేర్పాలి. కాని వృత్తిలో వున్న స్త్రీ వెంట ఇంకొక జ్ఞానం కూడా వస్తుంది. రాత్రి షిఫ్టు తర్వాత ఇంటికి ఎలా చేరింది, మరుగుదొడ్డి లేని సైటులో రోజంతా ఎలా గడిపింది, 'ఇది నీకెందుకమ్మా' అన్న మేస్త్రీకి ఏం జవాబు చెప్పింది, బిడ్డ పుట్టాక ఉద్యోగం ఎలా నిలబెట్టుకుంది - ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ వుండవు. ఇవి తెలియక దారిలో ఆగిపోయినవాళ్ళు ఎందరో. 2018 నాటి ప్రభుత్వ లెక్కల్లో దేశంలో పరిశోధన, అభివృద్ధి పనిలో నేరుగా వున్నవాళ్ళలో స్త్రీలు 16.6 శాతం మాత్రమే.

4. నేటి ప్రయత్నాలు, వాటి పరిమితులు

2019లో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ విజ్ఞాన జ్యోతి పథకాన్ని మొదట 50 జవహర్ నవోదయ విద్యాలయాలు కేంద్రాలుగా ప్రారంభించింది. పై తరగతుల ఆడపిల్లలకు ప్రయోగశాలల సందర్శన, వృత్తి నిపుణులైన స్త్రీలతో సంభాషణ, చేతిపనుల శిబిరాలు అందులో భాగం. 2022లో చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లల చేత పరికరాలు చేయించి ఆజాదీశాట్ అనే ఎనిమిది కిలోల ఉపగ్రహాన్ని కూర్చింది. ఆగస్టు 7న మన శ్రీహరికోట నుంచే అది ఎగిరింది. దశ విడిపోయేటప్పుడు పుట్టిన కంపనాన్ని రాకెట్టు కంప్యూటరు మాపకాల వైఫల్యంగా లెక్కగట్టడంతో కక్ష్య తప్పి ఉపగ్రహం పోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండోది కక్ష్యకు చేరింది. ఆ మొదటి వైఫల్యం పిల్లలకు పెద్ద పాఠం. మార్కుల చదువులో తప్పు అవమానం. పనిలో తప్పు అంటే సమాచారం.

అయితే ప్రతి కార్యక్రమాన్నీ ఆహ్వానించే ముందు దాని స్వభావం చూడాలి. ఒక్కరోజు పండుగ, వేదిక మీద సన్మానం, ఫోటో, సర్టిఫికెట్ - దీన్ని మెంటరింగ్ అనలేం. చేతికింద నేర్చుకోవడానికి కాలం కావాలి, అదే మనిషి మళ్ళీ మళ్ళీ రావాలి. నగరంనుంచి కారులో వచ్చి 'నేను కష్టపడ్డాను, మీరూ కష్టపడండి' అని చెప్పి వెళ్ళేవాళ్ళు తెలియకుండానే సామాజిక సమస్యను వ్యక్తి పట్టుదల సమస్యగా మార్చేస్తారు. కులం, భూమి, ఇంటి భాష ఆ ఉపన్యాసంలో మాయమవుతాయి. నేర్పే మనిషికి వేతనం, సెలవు ఇవ్వకుండా స్త్రీల సేవాభావం మీదే అంతా నడపడం కూడా పాత దోపిడీకి కొత్త రూపమే.

మెంటరు అంటే పెద్ద పట్టా వున్న మనిషి అని కూడా అనుకోనక్కరలేదు. జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియోను నడిపింది దళిత గ్రామీణ స్త్రీలు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ఆడవాళ్ళు పనికిరారన్నప్పుడు బబ్బూరి శిరీష మొదలైనవారు హైకోర్టుకు వెళ్ళారు, స్తంభం ఎక్కే పరీక్ష గెలిచారు. 2021లో శిరీష ఉద్యోగంలో చేరింది. లలిత గీసిన లైనుకూ శిరీష ఎక్కిన స్తంభానికీ మధ్య ఎనిమిది దశాబ్దాల చరిత్ర వుంది, ఒక వర్గ దూరం వుంది. ఇద్దరూ ఆడపిల్లలకు కావాలి.

తిరువూరు పిల్లలకు అలాంటి స్త్రీలు మరీ దూరంలో లేరు. నూజివీడులో 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం పెట్టిన ట్రిపుల్ ఐటీ వుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా యువతులు కూడా చేరారు. అలాంటి ఒక అమ్మాయి నీళ్ళు నింపిన పారదర్శక గొట్టంతో వీధి కాలువ వాలు ఎలా కొలవాలో పదిమంది పిల్లలకు చూపిస్తే ద్రవాల పాఠమూ, ఊరి మురుగు ఎవరి వాడలో ఎందుకు నిలుస్తుందో కూడా ఒకేసారి తెలుస్తాయి.

5. రచయితల బాధ్యత

ఇందులో సాహిత్యకారుల పని ఏమిటి? మన కథల్లో ఉద్యోగం చేసే స్త్రీ చాలాకాలంగానే వుంది: టీచరు, నర్సు, డాక్టరు, టైపిస్టు. అయితే ఆమె ఉద్యోగం ఎక్కువగా ఒక గుర్తింపు బిళ్ళ. జీతం ఎవరి చేతికి వెళుతుంది, పెళ్ళి ఏమవుతుంది అనేవే కథావస్తువులు. ఆమె పని కనిపించదు. లేతు ముందు నిలబడ్డ స్త్రీ, సబ్‌స్టేషన్‌లో లోపం వెతికే స్త్రీ మన కథాసాహిత్యంలో ఎక్కడో గాని లేరు. పని తెలియకుండా పనిచేసే మనిషిని రాయడం వాస్తవికత కాదు.

మనకు సంప్రదాయం లేకపోలేదు. కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసిన కలంతోనే విజ్ఞానశాస్త్ర వ్యాసాలు రాశాడు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక పిల్లలకోసం 'చెకుముకి' పత్రిక నడిపింది. స్త్రీల బృందాలూ డాక్టర్లూ కలిసి 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు స్త్రీల శరీరం గురించిన జ్ఞానం మొదటిసారి వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడింది. యంత్రాల గురించి కూడా అలాంటి పుస్తకం కావాలి. వృత్తుల్లో వున్న స్త్రీల అనుభవాలను వాళ్ళ మాటల్లోనే సేకరించే పని సాహిత్య విద్యార్థులు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. సబ్‌స్టేషన్, వర్క్‌షాపు, సచివాలయం - ఎక్కడైనా సరే, ఒక స్త్రీ పనిచేసే చోటుకు వెళ్ళి, ఆమె చేతులు ఏం చేస్తున్నాయో ముందు చూడాలి. ఆమె వాడే పనిముట్ల పేర్లు నేర్చుకోవాలి. తర్వాత రాయాలి. తన ఊరి ఆడపిల్లకు చేతికింద చోటిచ్చే మనిషి వుందన్న సంగతి ఆ పిల్లకు తెలియాలంటే ముందు అది తెలుగులో ఎవరో ఒకరు రాసి వుండాలి.