మహాసరస్సులలో లాంప్రే: జీవచక్రం, పరిణామం, నియంత్రణ

దవడలు లేని చేపలలో నేటికీ జీవించి ఉన్న వర్గాలు రెండే: లాంప్రేలు, హాగ్‌ఫిష్‌లు. లాంప్రే చూపునకు మలుగుపామును పోలి ఉంటుంది. కానీ ఆ పోలిక బాహ్యాకారానికే పరిమితం. మలుగుపాము దవడలు, ఎముకలు గల చేప. లాంప్రేకు దవడలు, పొలుసులు, జత రెక్కలు ఏవీ లేవు. అస్థిపంజరమంతా మృదులాస్థితో ఏర్పడినదే. తలకు ఇరుపక్కలా ఏడేసి మొప్ప రంధ్రాలు, తలపైన ఒకే ఒక నాసికా రంధ్రం, కెరాటిన్ దంతాలతో నిండిన గుండ్రని చూషక నోరు దీని గుర్తింపు లక్షణాలు. 40కి పైగా ఉన్న జాతులు ప్రధానంగా సమశీతోష్ణ మండలాలలోనే నివసిస్తాయి. భారతదేశ జలాలలో లాంప్రే లేదు. అయినప్పటికీ ఒక పరాన్నజీవిని దాని జీవచక్రం ఆధారంగా అదుపు చేసిన తీరు సస్యరక్షణ, మత్స్యశాస్త్ర విద్యార్థులు తెలుసుకోదగినది.

జీవచక్రం

లాంప్రే జీవితంలో అధిక భాగం ఏటి అడుగున బురదలోనే గడుస్తుంది. గ్రుడ్ల నుండి వెలువడిన డింభకానికి దంతాలు ఉండవు, కళ్ళు పనిచేయవు. అది మెత్తని ఒండ్రులో గుంత చేసుకొని, నీటిలో కొట్టుకువచ్చే శైవలాలను, సేంద్రియ రేణువులను వడగట్టి తింటూ మూడు నుండి ఏడేళ్ళు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ కాలం పెరుగుతుంది. ఆ తరువాత రూపవిక్రియ జరుగుతుంది. కళ్ళు, చూషక నోరు, దంతాలు ఏర్పడతాయి. ఆహారాన్ని జిగురుతో పట్టిన ఎండోస్టైల్ అనే అవయవం థైరాయిడ్ గ్రంథిగా మారుతుంది.

సముద్ర లాంప్రే ఈ దశలో పరాన్నజీవి అవుతుంది. చేప శరీరానికి అతుక్కొని, గరుకైన నాలుకతో చర్మాన్ని గీరి, రక్తం గడ్డకట్టనీయని లాలాజలాన్ని విడుస్తూ రక్తాన్ని, శరీర ద్రవాలను పీలుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర తరువాత ఏరులోకి ఎగబ్రాకి, గులకరాళ్ళను నోటితో తొలగించి గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి మరణిస్తుంది. తాను పుట్టిన ఏటికే తిరిగి రావాలన్న నియమం దీనికి లేదు. డింభకాలు విడిచే పిత్తామ్లాల వాసన ఏ ఏటి నుండి వస్తే ఆ ఏటిని ఎంచుకుంటుంది.

పరిణామం

దక్షిణ ఆఫ్రికాలో లభించిన ప్రిస్కోమైజాన్ శిలాజం వయస్సు సుమారు 36 కోట్ల సంవత్సరాలు. దానికి అప్పటికే గుండ్రని చూషక నోరు ఉంది. వడగట్టి తినే డింభకమే సకశేరుకాల ఆదిపూర్వీకునికి నమూనా అని దీర్ఘకాలం భావించారు. 2021లో ప్రచురితమైన శిలాజ పరిశోధన ఈ భావనను కదిలించింది. ప్రిస్కోమైజాన్ పిల్లలకు సైతం కళ్ళు, దంతాల చూషకం ఉన్నట్లు అందులో తేలింది. కనుక గ్రుడ్డి డింభక దశ తరువాతి కాలంలో సమకూరినదై ఉండాలి. లాంప్రేను "సజీవ శిలాజం" అనడంలో ఈ మేరకు జాగ్రత్త అవసరం.

మహాసరస్సులలో విపత్తు

అట్లాంటిక్ తీరపు సముద్ర లాంప్రేకు ఉత్తర అమెరికా ఎగువ సరస్సుల దారిలో నయాగరా జలపాతం అడ్డుగోడగా ఉండేది. ఆ జలపాతాన్ని తప్పించి నౌకలు సాగేందుకు త్రవ్విన వెల్లండ్ కాలువ 1829లో ప్రారంభమై, 20వ శతాబ్దారంభంలో విస్తరించింది. నౌకలకు తెరచిన దారి లాంప్రేకూ దారి అయింది. 1921లో ఈరీ సరస్సులోను, 1938 నాటికి సుపీరియర్ సరస్సులోను అది కనిపించింది. సముద్రంలోని పెద్ద చేపలు దాని దాడిని తట్టుకొని బ్రతికే అవకాశం ఉంది. సరస్సులలోని లేక్ ట్రౌట్‌కు ఆ అవకాశం తక్కువ. ఒక్కొక్క లాంప్రే తన పరాన్నజీవి దశలో 18 కిలోల వరకు చేపలను చంపగలదు. అధిక వేట కూడా తోడై, రెండు దశాబ్దాలలో లేక్ ట్రౌట్ పరిశ్రమ కుప్పకూలింది.

వేలకు వేల గ్రుడ్లు పెట్టి, విశాలమైన సరస్సులో చెదరిపోయే జీవిని అక్కడ పట్టడం అసాధ్యం. అది ఏళ్ళ తరబడి కదలక ఉండేది ఏటి బురదలోనే. అదే దాని బలహీన దశ. మిషిగన్‌లోని హామండ్ బే కేంద్రంలో వెర్నాన్ ఆపిల్‌గేట్ బృందం సుమారు 6,000 రసాయనాలను పరీక్షించి టి.ఎఫ్.ఎమ్. అనే ఫినాల్ సమ్మేళనాన్ని ఎంపిక చేసింది. 1958లో దీనిని తొలిసారి ఏటిలో వాడారు. ఈ రసాయనం మైటోకాండ్రియాలో శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. ఇతర చేపలు దానిని గ్లూకురోనిక్ ఆమ్లంతో జోడించి విసర్జిస్తాయి. లాంప్రేలో ఆ సామర్థ్యం బహుస్వల్పం. ఒకే ఏటిలో అనేక సంవత్సరాల తరాలు కలిసి ఉండటం వలన, మూడు నాలుగేళ్ళకు ఒకసారి మందు వదిలినా అవన్నీ సరస్సు చేరకముందే నశిస్తాయి.

అయితే మోతాదు విషయంలో అజాగ్రత్తకు తావు లేదు. నీటి ఉదజని సూచిక తగ్గే కొద్దీ మందు విషప్రభావం పెరుగుతుంది. సూచిక, క్షారతలను కొలిచి, సుమారు 12 గంటల పాటు నిర్ణీత సాంద్రతను నిలపాలి. మోతాదు మించితే ఇతర చేపలు చనిపోతాయి. తగ్గితే డింభకాలు మిగులుతాయి. లేత స్టర్జన్ చేపలు, స్థానిక నిరపాయ లాంప్రే జాతులు కూడా ఈ మందుకు లోనవుతాయి. ఎంపిక గుణం గల మందు అన్నంత మాత్రాన అది పూర్తిగా నిరపాయకరం కాదు.

ఈ కృషిని 1955లో ఏర్పడిన మహాసరస్సుల మత్స్య కమిషన్ అమెరికా, కెనడాల పక్షాన నిర్వహిస్తున్నది. లాంప్రే సంఖ్య విపత్తు నాటితో పోల్చితే దాదాపు 90 శాతం తగ్గింది. మందుతో పాటు తక్కువ ఎత్తు అడ్డుకట్టలు, ఉచ్చులు, వంధ్య మగలాంప్రేల విడుదల, మగలాంప్రే ఫెరొమోన్ ఎర వంటి పద్ధతులనూ పరీక్షించారు. అడ్డుకట్టల విషయంలో ఒక చిక్కు ఉంది. శిథిలమైన ఆనకట్టను తొలగిస్తే స్థానిక చేపలకు దారి తెరచుకుంటుంది, లాంప్రేకూ తెరచుకుంటుంది. ఐరోపాలో ఆనకట్టల వలననే దారి మూసుకుపోయి ఇదే జాతి క్షీణిస్తున్నది. అక్కడ దానికి నిచ్చెన మెట్లు కడుతున్నారు. మహాసరస్సులలో మాత్రం పట్టు సడలించే వీలు లేదు. కోవిడ్ కారణంగా 2020, 2021లలో ఏర్లకు మందు వదలడం తగ్గించగా, తరువాతి సంవత్సరాలలో లాంప్రేల సంఖ్య తిరిగి పెరిగింది.