కొండకి మెట్లు కట్టిన ఊరు - బనావే

 

ఈసారి గోడపత్రికలో ఫిలిప్పీన్స్ దేశంలోని బనావే అనే చిన్న ఊరు గురించి రాస్తున్నాను. ఎందుకు ఆ ఊరే అంటే, అక్కడ ఉన్నవాళ్ళు కూడా మనలాగ కొండవాళ్ళే. వాళ్ళని ఇఫుగావ్‌లు అంటారు. ఆ పేరుకి అర్థమే కొండ మనుషులు అని.

అట్లాసు తీసి బంగాళాఖాతం మీంచి తూర్పుకి వేలు జరపండి. వియత్నాం కూడా దాటితే సముద్రంలో ముక్కలు ముక్కలుగా దీవులు కనిపిస్తాయి. అదే ఫిలిప్పీన్స్. మొత్తం 7,641 దీవులు. అన్నిటికన్నా పెద్దది లుజాన్. రాజధాని మనీలా ఆ దీవిలోనే ఉంది. మనీలా నుంచి ఉత్తరానికి సుమారు 350 కిలోమీటర్లు పోతే బనావే వస్తుంది. రాత్రి బస్సు ఎక్కినవాళ్ళు తెల్లారేక దిగుతారు. దారిలో ఘాట్ రోడ్డు కూడా ఉంది.

అక్కడ మునిసిపాలిటీ అంటే మన పార్వతీపురంలాగ పట్నం కాదు. మన మండలం లాంటిది అనుకోండి. బనావే కింద 18 బరంగాయ్‌లు ఉన్నాయి. బరంగాయ్ అంటే పంచాయితీ లాంటిది. అన్నీ కలిపి జనం 20 వేల చిల్లర. పైన ఇఫుగావ్ రాష్ట్రం, దీనిని 1966లో ఏర్పాటు చేశారు. రాష్ట్రం అన్నాను గానీ అది మన జిల్లా అంతే ఉంటుంది. మేయర్‌ని మూడేళ్ళకొకసారి ఎన్నుకుంటారు. నాకు బాగా నచ్చింది ఏటంటే, ప్రతి బరంగాయ్‌లోనూ కుర్రవాళ్ళకి వేరే కౌన్సిల్ ఉంటుంది. 2016 చట్టం ప్రకారం దానికి 15 ఏళ్ళు నిండితే ఓటు వెయ్యొచ్చు. పోటీ చెయ్యాలంటే మాత్రం 18 నిండాలి. మన తొమ్మిదో తరగతిలో సగం మందికి వచ్చే ఏడాది ఓటు వచ్చేసును!

ఇక అసలు సంగతికి వస్తాను. బనావే పేరు చెప్తే లోకమంతా గుర్తుపట్టేది మెట్ల మళ్ళని. కొండ అడుగు నుంచి పైదాకా వరి మళ్ళే. ఒక మడి మీద ఒక మడి. దూరం నుంచి చూస్తే రాక్షసుడెవరో ఎక్కడానికి మెట్లు కట్టుకున్నట్టు ఉంటుంది. మన సవర ఊళ్ళల్లో కూడా గెడ్డ పక్కన వాలులో రాళ్ళు పేర్చి మళ్ళు కడతారు గదా, అలాంటివే. కాని మనవి పది ఇరవై ఉంటే అక్కడ కొండలకి కొండలే అలా ఉన్నాయి. బటాడ్ అనే బరంగాయ్‌లో మళ్ళు గుండ్రంగా గిన్నె ఆకారంలో ఉంటాయి, మధ్యలో పల్లంలో ఊరు. అక్కడ గోడలన్నీ రాతివి. సిమెంటు లేదు, యంత్రం లేదు. అన్నీ చేతులతో మోసి పేర్చినవే.

మరి కొండ మీద నీళ్ళు నిలబడడం ఎలాగ? ఇది జాగ్రత్తగా చదవండి. మళ్ళన్నిటికీ పైన అడవి ఉంటుంది. దాన్ని ముయోంగ్ అంటారు. అది ఒక్కో కుటుంబానికి చెందిన అడవి. వాన పడితే ఆ అడవి నీళ్ళని పట్టి ఉంచి ఊటలుగా వదులుతుంది. ఆ ఊట నీళ్ళు కాలవల్లోంచి, వెదురు గొట్టాల్లోంచి పై మడికి వస్తాయి. పై మడి నిండితే కింద మడికి, అది నిండితే దాని కిందదానికి. అందుకని పైవాడు కాలవ మూసేస్తే కిందవాళ్ళందరికీ కష్టమే. ముయోంగ్ కొట్టేస్తే అందరికీ కష్టమే. వాళ్ళు వంటకి కర్ర, ఇంటికి దూలం దానిలోంచే తెచ్చుకుంటారు, కాని మొత్తం నరకరు.

ఇంకో విషయం. కోత అయిపోయాక మనం మడి ఎండనిస్తాం. వాళ్ళు ఎండనివ్వరు. ఏడాది పొడుగునా నీళ్ళు ఉంచుతారు. ఎండితే మట్టి బీటలు తీస్తుంది, తరవాత వానకి ఆ బీటలోకి నీళ్ళు దూరి గోడ కూలిపోతుంది. ఒక గోడ కూలితే ఆ రాళ్ళు మన్నూ కింద మడి మీద పడి అదీ పోతుంది. అంటే ఒకరు వదిలేస్తే పక్కవాళ్ళదీ పోతుందన్న మాట.

ఈ మళ్ళు రెండు వేల ఏళ్ళ కిందటివని పుస్తకాల్లో చాలాకాలంగా రాస్తున్నారు. ఈమధ్య మట్టి తవ్వి పరీక్ష చేసిన కొందరు పరిశోధకులు అంత పాతవి కావు, 400 ఏళ్ళ కిందట మొదలయ్యాయి అంటున్నారు. స్పెయిన్ వాళ్ళు 1565 నుంచి ఫిలిప్పీన్స్‌ని ఆక్రమించారు. వాళ్ళకి లొంగడం ఇష్టంలేక పల్లం నుంచి జనం కొండెక్కారని, తిండి కోసం ఇంత బేగా ఇన్ని మళ్ళు కట్టారని వాళ్ళ మాట. కొంతమంది ఇది విని, మళ్ళ గొప్ప తగ్గిపోయింది అనుకుంటారంట. నాకైతే గొప్ప పెరిగిందనే అనిపించింది. స్పెయిన్ పోయేదాకా కూడా ఆ కొండల్ని వాళ్ళు సరిగా ఏలలేకపోయారు.

అక్కడ పాత వరి పేరు టినావోన్. ఏడాదికి ఒక్క పంటే. చలి ప్రదేశం కాబట్టి చేతికి రావడానికి ఆరు నెలలు పడుతుంది. విత్తనం ఏరేది, నాటేది, కోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. గోడ కట్టేది మగవాళ్ళు. కొడవలితో కట్టలుగా కొయ్యరు, చిన్న కత్తితో ఒక్కో కంకి కోస్తారు. ధాన్యం కొట్టులో బులుల్ అనే చెక్క బొమ్మని కాపలా దేవుడిగా పెడతారు. ఇల్లు నాలుగు స్తంభాల మీద ఉంటుంది, ప్రతి స్తంభానికీ గుండ్రటి చెక్క తొడుగుతారు. ఎలుక దాన్ని దాటి ఎక్కలేదు. ఈ తెలివి మన హాస్టల్ స్టోరు రూముకి కూడా కావాలి.

ఆస్తి విషయం ఆడపిల్లలు తప్పకుండా చదవాలి. ఇఫుగావ్‌ల పాత పద్ధతిలో మంచి మళ్ళు మొదటి బిడ్డకి వెళ్తాయి. ఆ బిడ్డ ఆడైనా సరే, మగైనా సరే. మళ్ళని ముక్కలు చెయ్యరు. అది బాగానే ఉంది, మరి మూడో బిడ్డ, నాలుగో బిడ్డ ఏం చెయ్యాలి? వాళ్ళే బాగియో, మనీలా పట్నాలకి, విదేశాలకి పనికి వెళ్తారు. తరవాత చదువుకున్న మొదటి బిడ్డ కూడా వెళ్ళిపోవడం మొదలైంది.

1995లో యునెస్కో వాళ్ళు ఇఫుగావ్ మళ్ళని ప్రపంచ వారసత్వంగా ప్రకటించారు. అయిదు చోట్ల మళ్ళని తీసుకుంటే అందులో బటాడ్, బంగాన్ రెండూ బనావేవే. కాని ఆరేళ్ళకే, 2001లో, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టేశారు. నాలుగో వంతు దాకా మళ్ళు అప్పటికే పాడుబడ్డాయి. చూసేవాళ్ళు లేరు. వానపాములు గోడలకి కన్నాలు పెడితే పూడ్చేవాళ్ళు లేరు. తినడానికని 1980లలో వేరే దేశం నుంచి తెచ్చిన బంగారు రంగు నత్తలు మళ్ళల్లోకి వచ్చి లేత నారు తినేస్తున్నాయి. తరవాత కాలవలు బాగుచేసి, పాడైన గోడలు మళ్ళీ కట్టాక 2012లో ఆ జాబితాలోంచి తీశారు.

వాళ్ళ పాటకి కూడా ఇలాగే అయింది. దాని పేరు హుద్‌హుద్. ఆ పేరు వింటే మనకి 2014 తుఫాను గుర్తొస్తుంది, కాని అది ఒక పిట్ట పేరంట, దీనికీ దానికీ సంబంధం లేదు. ఈ హుద్‌హుద్ కోతల్లోనూ, చావు ఇంటి దగ్గరా పాడే పెద్ద కథ. రెండు వందలకి పైగా కథలు ఉన్నాయి. ఒక్కోటీ నలభై భాగాలు, పూర్తిగా పాడితే రోజులు పడుతుంది. ముందు పాడేది ఒక ముసలామె, మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. రాసిపెట్టిన పుస్తకం లేకుండానే ఇన్నాళ్ళూ నడిచింది. దాన్ని కూడా యునెస్కో 2001లో గుర్తించింది. అన్నీ వచ్చినవాళ్ళు బాగా ముసలివాళ్ళు కాబట్టి ఇప్పుడు బళ్ళల్లో పిల్లలకి నేర్పి పోటీలు పెడుతున్నారు. బడి పిల్లల్ని దూరం చేసిందని అనేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ బడే పాటని దగ్గర చేస్తోంది. రెండూ నిజమే అనుకుంటాను.

బనావేకి టూరిస్టులు బాగా వస్తారు. మళ్ళు బాగా కనిపించే రోడ్డు మలుపుల దగ్గర ముసలివాళ్ళు ఎర్ర గుడ్డ, ఈకల టోపీ పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ళతో ఫోటో తీసుకుంటే డబ్బులివ్వాలి. ఇది నాకు మంచిగా అనిపించలేదు. మనల్ని కూడా పెద్దవాళ్ళు ఎవరొచ్చినా ఈకలు కట్టించి డాన్సు చేయిస్తారు, మన పేరు మాత్రం అడగరు. అయినా ఆ ముసలివాళ్ళు తమ సొంత డబ్బు తామే తీసుకుంటున్నారు, అది వేరు. ఏప్రిల్‌లో ఇంబాయా పండగకి మాత్రం వాళ్ళు తమ కోసమే ఆడుకుంటారు. చెక్కతో చేసిన స్కూటర్ల మీద, ఇంజను లేకుండా, వాలు రోడ్డు మీద జారుతూ పందెం! స్కూటర్ ముందు సింహం తల, డేగ తల చెక్కుతారు.

గోడ కూలినప్పుడు చుట్టుపక్కలవాళ్ళంతా కూలి లేకుండా వచ్చి కట్టడం వాళ్ళ పాత ఆచారం. దాన్ని బద్దాంగ్ అంటారు. మన ఊళ్ళల్లో ఇల్లు కప్పడానికి అందరూ వచ్చినట్టే. ఇప్పుడు చాలాచోట్ల కూలి ఇచ్చి పిలవాలి. టూరిస్టుల సామాన్లు మోసినా, ట్రైసికిల్ తోలినా చేతికి వెంటనే డబ్బు వస్తుంది, గోడ పని కష్టం ఎక్కువ. మనీలా వెళ్ళినవాళ్ళు కొందరు ఇంటికి డబ్బు పంపి ఆ డబ్బుతో గోడ కట్టిస్తారు. కాని రాయి ఏ మూల ఎలా పెట్టాలో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉండాలి గదా.