ఊపిరితిత్తిలో గడ్డ... కోతకు ముందు ‘పటం’ చూడాల్సిందే
ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు.. అందరి ఊపిరితిత్తులూ ఒక్కలా ఉండవు

అడవులదీవి (నిజాంపట్నం): నెలల తరబడి తగ్గని దగ్గుతో ఎక్స్‌రే తీయించుకున్నవారికి ‘ఊపిరితిత్తిలో మచ్చ కనిపిస్తోంది’ అని చెబితే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ మచ్చ క్షయ కావచ్చు. ఎప్పుడో వచ్చి తగ్గిన నిమ్ము మిగిల్చిన గుర్తు కావచ్చు. క్యాన్సరూ కావచ్చు. అరుదుగా అది వ్యాధే కాక, పుట్టుకతో వచ్చిన అమరిక మాత్రమే అయిన సందర్భాలూ ఉన్నాయి. ఈ తేడాలను తేల్చడానికీ, తేలిన వెంటనే చికిత్స చేయడానికీ ఛాతీని పెద్దగా కోయనవసరం లేని ‘కీహోల్’ శస్త్రచికిత్స ఇప్పుడు ఉపయోగపడుతోంది. అయితే ఈ విధానంలో వైద్యుని చేయి కన్నా ముందు చూపు పనిచేయాలి. రోగి ఊపిరితిత్తుల లోపలి అమరికను స్కానింగ్‌లో క్షుణ్ణంగా చదవకుండా చేయి పెట్టడం ప్రమాదకరం.

పాఠ్యపుస్తకాల ప్రకారం కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. వాటి మధ్య స్పష్టమైన చీలికలుంటాయి. వాస్తవంలో అందరికీ ఇలా ఉండదు. చాలామందిలో చీలిక సగం వరకే ఏర్పడి, రెండు తమ్మెలు అతుక్కునే ఉంటాయి. కొందరిలో రక్తనాళం ఉండవలసిన చోట కాక శ్వాసనాళం వెనుక నుంచి పోతుంది. ఇవేవీ జబ్బులు కావు. వీటితో మనిషి నిండు నూరేళ్లూ బతకవచ్చు, తనకు అలాంటిది ఉందని కూడా తెలియకపోవచ్చు. శస్త్రచికిత్స బల్లపై పడుకున్న రోజే వాటి సంగతి ముఖ్యమవుతుంది.

వీటిలో బాగా తెలిసినది ‘అజైగస్ తమ్మె’. శిశువు గర్భంలో ఉన్నప్పుడు అజైగస్ అనే సిర కుడి ఊపిరితిత్తి శిఖరం మీదుగా జరిగి వెన్నెముక పక్కకు చేరాలి. అలా జారకుండా ఊపిరితిత్తి పైభాగాన్ని లోతుగా నొక్కుకుంటూ దిగితే అక్కడొక అదనపు మడత, దాని వెనుక చిన్న తమ్మె ఏర్పడతాయి. జర్మన్ వైద్యుడు రిస్‌బర్గ్ దీనిని పద్దెనిమిదో శతాబ్దంలోనే వర్ణించారు. సుమారు నూరు మందిలో ఒకరికి, లేదా అంతకంటె తక్కువ మందికి ఇది ఉంటుందని అంచనా. ఎక్స్‌రేలో ఇది వంపు తిరిగిన సన్నని గీతలా, దాని చివర కన్నీటి బొట్టు ఆకారంలో కనిపిస్తుంది. అనుభవం లేని కంటికి ఆ బొట్టు గడ్డలా తోచవచ్చు. సీటీ స్కాన్ చేస్తే అది సిరేనని తేటతెల్లమవుతుంది. అంటే ఒక్క స్కాన్‌తో ఆపరేషనే తప్పిపోవచ్చు. అలాకాక అదే తమ్మెలోనో, దాని పక్కనో నిజంగా గడ్డ ఉంటే, సిర ఉన్న ఆ మడత కెమెరాకు అడ్డుతెరలా నిలుస్తుంది. శ్వాసకు తోడ్పడే ఫ్రెనిక్ నాడి కూడా కొందరిలో ఆ దరిదాపుల్లోనే పోతుంది కనుక ప్రతి పొరనూ గుర్తించాకే విడదీయాలి.

ఇంతకంటె ప్రమాదకరమైన తేడా ఎడమవైపు ఉంటుంది. సాధారణంగా ఎడమ ఊపిరితిత్తి నుంచి రెండు పెద్ద సిరలు వేర్వేరుగా గుండెకు చేరతాయి. కొందరిలో అవి రెండూ ముందుగానే కలిసి ఒకే కాండంగా మారతాయి. పై తమ్మెను తీయబోయిన వైద్యుడు ఆ కాండాన్ని పై సిరే అనుకుని కత్తిరిస్తే, ఉంచవలసిన కింది తమ్మెకు రక్తం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఈ ప్రాంత రైతులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పిల్ల కాల్వకు బదులు మెయిన్ డ్రెయిన్‌కు అడ్డుకట్ట వేస్తే ఆయకట్టంతా ఏమవుతుందో ప్రతి తుపానుకూ చూస్తున్నదే. ఊపిరితిత్తి కూడా అలాగే రక్తంతో ఉబ్బిపోతుంది. వెంటనే గుర్తించి సరిచేయకపోతే మంచి తమ్మెను కూడా తీసివేయవలసి రావచ్చు. అందుకే రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ నుంచి కంప్యూటర్‌లో త్రిమితీయ చిత్రం తయారు చేసుకుని, ఏ నాళం ఎటు పోతోందో ముందుగా లెక్క చూసుకునే పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లో వచ్చింది.

ఛాతీలోకి గొట్టం పెట్టి చూడటం కొత్తేమీ కాదు. స్వీడన్ వైద్యుడు జాకోబియస్ 1910లోనే ఆ పని చేశారు. అప్పట్లో దానిని ఎక్కువగా వాడింది క్షయ రోగులకే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహమ్ ఛాతీ తెరిచి మొత్తం ఊపిరితిత్తినే తీసివేయగా, ఆ రోగి దాదాపు ముప్పై ఏళ్లు జీవించారు. సిగరెట్లు విపరీతంగా కాల్చిన గ్రాహమ్ మాత్రం 1957లో అదే జబ్బుతో మరణించారు. కెమెరా సాయంతో ఒక తమ్మెను తీసే విధానం 1990ల ఆరంభంలో ఇటలీ తదితర దేశాల్లో మొదలై, తరువాత మన పెద్ద నగరాలకూ చేరింది.

శస్త్రచికిత్స జరిగేదిలా.. పూర్తి మత్తు ఇచ్చి, రెండు దారులున్న ప్రత్యేక గొట్టంతో ఒక ఊపిరితిత్తికే గాలి అందిస్తారు. రెండోది గాలి తీసిన బుడగలా ముడుచుకుంటుంది. పక్కటెముకల మధ్య ఒకటి నుంచి నాలుగు గాట్లు పెడతారు. వాటిలో పెద్దది నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. ఎముకలను యంత్రంతో ఎడం చేయరు. పాత పద్ధతిలో ఎక్కువ నొప్పికి ఆ ఎడం చేయడమే కారణం. అది క్యాన్సరో కాదో ముందుగా తేలని గడ్డయితే మొదట ఆ ముక్కనే కోసి, సంచిలో పెట్టి బయటికి తీసి, రోగి మత్తులో ఉండగానే సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. క్షయ అని తేలితే అంతటితో ముగించి మందులకు పంపుతారు. క్యాన్సర్ అయితే అదే మత్తులో ఆ తమ్మెనూ, చుట్టుపక్కల లింఫు గ్రంథులనూ తీస్తారు. ‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ముక్కను సంచిలో పెట్టి తీయడం కణాలు గాటుకు అంటకుండా చూసే జాగ్రత్తే. ఆ భయంతో నెలలు గడిపేయడమే అసలు నష్టం.

బ్రిటన్‌లో 503 మందిపై జరిగి 2022లో ప్రచురితమైన ‘వయొలెట్’ అధ్యయనంలో కీహోల్ చేయించుకున్నవారు సగటున నాలుగు రోజులకు, పెద్ద కోత పడినవారు ఐదు రోజులకు ఇంటికి వెళ్లారు. ఆసుపత్రిలో ఉండగా ఇబ్బందులు తలెత్తింది కీహోల్ వారిలో సుమారు 33 శాతం మందికి, రెండో వర్గంలో 44 శాతం మందికి. రెండు సెంటీమీటర్లలోపు గడ్డలకు మొత్తం తమ్మె అక్కరలేదని, అందులో ఒక భాగం తీసినా చాలని అదే ఏడాది వెలువడిన జపాన్ అధ్యయనం తేల్చింది. ఇలా చిన్న భాగాన్ని తీసేటప్పుడు నాళాల పటం మరింత అవసరం.

తమ్మెలు అతుక్కుని ఉన్నవారిలో వాటిని స్టేప్లర్‌తో విడదీసిన చోట కొన్నాళ్లు గాలి లీకవుతుంది. ఛాతీలో అమర్చిన గొట్టం అన్నాళ్లూ ఉంచాలి. పాత క్షయ వల్ల ఊపిరితిత్తి ఛాతీ గోడకు అంటుకుపోయినా, రక్తస్రావం ఆగకపోయినా మధ్యలోనే పెద్ద కోతకు మారతారు. దీనిని వైఫల్యంగా భావించి బంధువులు ఆసుపత్రిలో గొడవకు దిగడం సరికాదు. ఆ క్షణంలో ప్రాణం కాపాడేది ఆ నిర్ణయమే. ఆ అవకాశం ఉందని సంతకం పెట్టకముందే ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పడం వైద్యుల బాధ్యత.

ఈ ప్రాంతంలో మరో చిక్కు ఉంది. క్షయ విస్తృతంగా ఉన్నచోట పెట్ స్కాన్ ఒక్కదాన్నే నమ్మలేం. క్షయ గడ్డ కూడా అందులో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. మరోవైపు, కళ్లె పరీక్షలో క్షయ తేలకుండానే నెలల తరబడి క్షయ మందులు వాడి, తగ్గక చివరకు స్కాన్‌కు వచ్చేసరికి క్యాన్సర్ ముదిరిపోయి ఉంటోంది. అప్పుడు కీహోల్ కాదు కదా, ఏ శస్త్రచికిత్సకూ వీలుండదు. మూడు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తపు జీర, కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం కనిపిస్తే చుట్ట, బీడీ అలవాటు లేనివారైనా ఛాతీ వైద్యుని సంప్రదించాలి. పొగ తాగనివారికీ, మహిళలకూ ఈ జబ్బు వస్తోంది.

అడవులదీవి, నిజాంపట్నం పరిసరాల వారు రేపల్లె, తెనాలి మీదుగా గుంటూరు సర్వజనాసుపత్రికి, లేదా మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో అమలవుతున్న పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్సలున్నాయి. తాము వెళ్లే ఆసుపత్రిలో ఊపిరితిత్తి ఆపరేషన్ ఆ పథకం కింద చేస్తారో లేదో అక్కడి సహాయ కేంద్రంలో ముందే కనుక్కోవాలి. ఆధార్, బియ్యం కార్డులతో పాటు బీరువాలో పడి ఉన్న పాత ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్ సీడీలు అన్నీ వెంట తీసుకెళ్లాలి. రెండేళ్ల కిందటి ఫిల్ములో కూడా అదే గట్టి మచ్చ అదే పరిమాణంలో ఉంటే సాధారణంగా అది క్యాన్సర్ కాదనే వైద్యులు భావిస్తారు.