అమ్మ తినే వేళకు ఏం మిగిలింది?

నిన్న రాత్రి మీ ఇంట్లో అందరికంటే ఆఖరున అన్నం తిన్నది ఎవరు? ఏం తిన్నారు? మొదటి ప్రశ్నకు జవాబు ఇంటిల్లిపాదికీ తెలుసు. రెండోదానికి మాత్రం చాలా ఇళ్లలో భర్త చెప్పలేడు, పిల్లలూ చెప్పలేరు. ఆ వేళకు వాళ్ల చేతులు కడగడం అయిపోయి ఉంటుంది. టీవీ ముందో ఫోన్ ముందో కూర్చుని ఉంటారు.

మా ఓపీకి వచ్చే నడివయసు స్త్రీల బాధలు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘కాళ్లు గుంజుతున్నయి సారూ’, ‘మెట్లెక్కితే ఆయాసమొస్తంది’, ‘పొద్దుగాల లేవబుద్ధి కాదు’, ‘జుట్టంత ఊడిపోతంది’. తిండి సంగతి అడిగితే ‘మంచిగనే తింట’ అంటారు. అందులో అబద్ధం లేదు. ఇంట్లో మంచిగానే వండుతారు. అందుకే నేను ఏం వండారని అడగను. మీరు కూర్చునే వేళకు గిన్నెలో ఏం మిగిలిందని అడుగుతాను. అప్పుడు ఒక చిన్న నవ్వు నవ్వి అసలు సంగతి చెబుతారు: ‘ఇంత పచ్చిపులుసు, ఇంత తొక్కు’.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ఒకటుంది. పెద్ద వయసు మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. నెలసరి వచ్చే వయసులోని స్త్రీకి 29 కావాలి. అంటే ఇంట్లో నాన్నకంటే అమ్మకు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఆకలి ఆమెకు తక్కువ కావచ్చు, అన్నం తక్కువ సరిపోవచ్చు. ఇనుము మాత్రం ఎక్కువే కావాలి. నెలనెలా పోయే రక్తం, కాన్పులు, పాలివ్వడం అన్నీ ఆ ఖాతాలోంచే ఖర్చవుతాయి. మన పళ్లేలు చూస్తే వడ్డన సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఫలితం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపించింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. మగవాళ్లలో అందులో సగం కూడా లేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గిన్నె. తేడా ఎక్కడుందో చెప్పనక్కర్లేదు.

ఒక వంటింటి రోజు

కరీంనగర్‌లో ఒక మామూలు ఇల్లు అనుకుందాం. భర్త బ్యాంకులో, ఆమె బడిలో టీచర్. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. పొద్దున అయిదున్నరకు ఆమెకు చాయ్, రెండు బిస్కెట్లు. తర్వాత భర్తకు షుగర్ ఉంది కాబట్టి జొన్నరొట్టె, పిల్లల డబ్బాల్లోకి టమాట అన్నం, అత్తమ్మకు పళ్లు లేవు కాబట్టి మెత్తగా ఉప్మా. నలుగురికి మూడు రకాలు. తనకోసం నాలుగో రకం ఉండదు. పిల్లవాడు వదిలేసిన ఉప్మా ఒక చెంచా, పెనం మీద విరిగిన రొట్టె ముక్క నిలబడే నోట్లో వేసుకుని ఇంకో చాయ్ తాగి బస్సెక్కుతుంది. మధ్యాహ్నం బడిలో డబ్బా: అన్నం, అడుగున మిగిలిన కూర. సాయంత్రం ఇల్లు చేరగానే మూడో చాయ్. రాత్రి పదికి అన్నం. పప్పు అయిపోయిందంటే ఆమె మళ్లీ పొయ్యి వెలిగించదు. పచ్చిపులుసు ఉంది, మామిడికాయ తొక్కు ఉంది, అయిపోయింది.

ఆదివారం మటన్ వండితే పిల్లలకు, మగవాళ్లకు ముక్కలు, అమ్మకు షేర్వ. కార్జం తెస్తే అది పెరిగే పిల్లలకని పక్కన పెడతారు. మాంసంలోని ఇనుము ఒంటికి పట్టినంతగా ఆకుకూరల్లోనిది పట్టదు. అది ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే షేర్వ మిగులుతోంది. దీనికి తోడు గురువారం ఒకపొద్దు, శనివారం ఒకపొద్దు, కార్తీకమాసం. భక్తిని నేను కాదనను. హిమోగ్లోబిన్ 8 ఉన్నప్పుడు వారానికి రెండు ఒకపొద్దులు వద్దని మాత్రం నిక్కచ్చిగా చెబుతాను.

ఇక ఆ చాయ్. తేయాకులోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి, పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లనివ్వవు. తిండికి, చాయ్‌కి మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. చాయ్ మానేయమని చెబితే మన ఊళ్లలో ఎవరూ వినరు, నేనూ వినను. గంట ఆగడం మాత్రం సాధ్యమే.

జొన్నరొట్టె పోయి తెల్లన్నం వచ్చాక

మన అమ్మమ్మలకూ ఇన్ని పనులు ఉండేవి, వాళ్లూ ఆఖరుకే తినేవాళ్లు. ఆ రోజులు బంగారమని నేను అనను, అప్పుడు కాన్పుల్లో చచ్చిపోయిన తల్లులు ఎక్కువ. కానీ ఆఖరున మిగిలేది జొన్న గటక, మక్క గటక, అంబలి, జొన్నరొట్టె. తెల్లన్నం పండుగ తిండి. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు పునాది పడింది. తర్వాతి దశాబ్దాల్లో కాకతీయ కాలువ కరీంనగర్ పొలాల్లోకి నీళ్లు తెచ్చింది. అదే కాలంలో, 1966లో, ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టి వంగడాన్ని విడుదల చేసింది. మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది. అది చిన్న విషయం కాదు. కానీ పళ్లెంలో జొన్న పోయిన చోటికి కూర రాలేదు, ఇంకాస్త అన్నమే వచ్చింది.

నూరు గ్రాముల తెల్లబియ్యంలో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ. జొన్నల్లో దాదాపు 4. జొన్నలోది మొత్తం ఒంటికి పట్టదు, నిజమే. అయినా అన్నం మీద అన్నం తినే అమ్మకు రోజుకొక పూట రొట్టె తేడా తెస్తుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో జొన్నరొట్టె షుగర్ మందుగా మారిపోయింది. నాన్నకు రెండు చేస్తున్నప్పుడు ఆ పిండిలోంచే అమ్మకూ రెండు చేయండి.

ఆ దేశపు బాలింత, మన బాలింత

ఐఆర్-8 వచ్చిన దేశం గురించి ఇంకో ముచ్చట. మన తెలుగు పిల్లలు ఎందరో ఎంబీబీఎస్ చదవడానికి అక్కడి దావావోకు వెళ్తున్నారు. గల్ఫ్‌కు పోయిన మన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లకు ఫిలిప్పీన్స్ నర్సులు, పనివాళ్లు తెలిసినవాళ్లే. వాళ్లను అడిగి చూడండి. అక్కడి అమ్మ వంట మనకు అంత పరాయిది కాదు. మూడు పూటలా అన్నమే. రోజువారీ వంటల్లో ఒకటి సినిగాంగ్, అంటే చింతపండు పులుసు. అయితే అందులో ముల్లంగి, చిక్కుడు, తూటికూర, చేపో మాంసమో పడతాయి. మన పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పడుతుంది. ఇంకొకటి తినోలా. అల్లం వేసి కాచిన కోడి చారులో పచ్చి బొప్పాయి, మునగాకు లేదా మిరపాకు వేస్తారు. మునగాకును వాళ్లు మలుంగై అంటారు. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఆ ఆకు వేసిన చారు ఇవ్వడం అక్కడి ఇళ్లలో పాత అలవాటు. మునగాకుతో పాలు పెరుగుతాయనడానికి శాస్త్రం దగ్గర గట్టి ఆధారం ఇంకా లేదు. పెరిగినా పెరగకున్నా ఆ తల్లి పళ్లెంలోకి ఆకుకూర, కోడిమాంసం వచ్చాయి కదా! (వాళ్ల వంటలోనూ లోపం ఉంది. చేపల ఊట వాడతారు, ఉప్పు దండిగా ఉంటుంది. మన తొక్కుల్లాగే.)

మన దగ్గర బాలింతకు ఏం పెడుతున్నాం? చాలా ఇళ్లలో ఇప్పటికీ పత్యం. ఎల్లిపాయ కారం, అన్నం, కాయం. ఆకుకూర వద్దు, బిడ్డకు విరేచనాలు అవుతాయంటారు. పప్పు వద్దు, గ్యాస్ అంటారు. నీళ్లు ఎక్కువ తాగొద్దు, పొట్ట పెరుగుతుందంటారు. కాన్పులో రక్తం పోయి, రోజంతా పాలిచ్చే మనిషికి ఇది శిక్ష. ఇంజినీరింగ్ చదివిన కోడళ్లు కూడా వాళ్లమ్మ మాట కాదనలేక నెలరోజులు ఇలాగే తింటున్నారు. అమ్మమ్మలూ, నానమ్మలూ, ఇది మీరే చదవాలి: బాలింత అన్నీ తినొచ్చు. పాలకూర, తోటకూర, మునగాకు, పెసరపప్పు, గుడ్డు, చేప, మాంసం అన్నీ పెట్టండి. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వండి. కాయం ఇస్తే ఇవ్వండి, దాంతో నాకు గొడవ లేదు.

ఇప్పపువ్వు లడ్డూ, ఇంకో జాగ్రత్త

ఉమ్మడి ఆదిలాబాద్ అడవి ఊళ్లలో తల్లుల కథ కొంచెం వేరు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సహకార సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు, నువ్వులు, పల్లీలు, బెల్లంతో లడ్డూలు చేస్తున్నారు. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొచ్చే పట్నం వాళ్లు ఒకసారి తిని చూడాలి, రుచి కూడా బాగుంటుంది. ఇక్రిశాట్ సాయంతో గిరిజన ప్రాంతాల అంగన్‌వాడీల్లో ‘గిరి పోషణ’ పేరుతో జొన్న, ఇతర ధాన్యాల ఆహారం ఇచ్చారు. ఆ అడవిలో పాతకాలం నుంచీ ఉన్నదే మళ్లీ పొట్లంలో వచ్చిందన్నమాట.

అయితే ఇక్కడ లడ్డూతోనో మాత్రతోనో తీరని రక్తహీనత ఒకటి ఉంది. అది సికిల్ సెల్. తల్లిదండ్రుల నుంచి వచ్చేది. గోండు, కొలాం వంటి తెగల్లో దాన్ని తప్పక చూడాలి. ఇతరుల్లో తలసీమియా లక్షణం కూడా కనిపిస్తుంది. రెండు మూడు నెలలు ఐరన్ మాత్రలు సక్రమంగా వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే మాత్ర మార్చడం కాదు, రక్తాన్ని ఇంకో పరీక్షకు పంపాలి. పెళ్లికి ముందే ఈ పరీక్ష చేయించుకుంటే ఇంకా మంచిది.

వంటింట్లోనే చేయగలిగింది

ముందు ఒక అపోహ. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందనుకుంటారు. నూరు గ్రాములు తిన్నా వాటినుంచి ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా రాదు. రంగు చూసి మోసపోకండి. దానిమ్మ కిలో ధరకు ఎన్ని నువ్వులు వస్తాయో లెక్కేయండి. నూరు గ్రాముల నువ్వుల్లో దాదాపు 14 మిల్లీగ్రాముల ఇనుము, దండిగా కాల్షియం ఉంటాయి. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది చేసే మనం మిగతా రోజుల్లో ఆ డబ్బా మూత తీయం. కరీంనగర్ వైపు కొన్ని ఇళ్లలో పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి కలుపుతారు. మీరూ కలపండి, రెండు చెంచాలు చాలు. పచ్చిపులుసును నేను తప్పు పట్టను, ఎండాకాలంలో దానికి సాటి లేదు. దాని పక్కన ఇంకేమీ లేకపోవడమే తప్పు. ఒక ఉడికిన గుడ్డో, పిడికెడు గుగ్గిళ్లో, పుంటికూర పప్పో పెట్టండి. చింతపండులో విటమిన్ సి అంతగా లేదు. అన్నం ముందర నిమ్మకాయ పిండుకోండి, లేదా తిన్నాక ఒక జామపండు. ఆకుకూరలోని, పప్పులోని ఇనుము దాంతో బాగా ఒంటబడుతుంది.

ఇంకోటి వంట కాదు, వడ్డన. రాత్రి అన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ ఒకేసారి కూర్చోండి. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు. పప్పు అయిపోయిందన్న సంగతి అప్పుడు అందరికీ తెలుస్తుంది. నలభై దాటిన భర్తలకు నా చీటీలో ఒక మాట రాయాలనిపిస్తుంది: ఆదివారం మొదటి గంటె మీరు వేయండి, ఆమె పళ్లెంలో.

ఇంట్లో ఎవరూ లేని అమ్మల సంగతి ఇంకా కష్టం. భర్త దుబాయ్‌లో, పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో. ‘నా ఒక్కదానికి ఏం వండుకుంట’ అంటుంది. పొద్దున వండిన అన్నం, తొక్కు, చల్లతో రెండు రోజులు గడిచిపోతాయి. వీడియో కాల్‌లో ‘తిన్నావా అమ్మా’ అంటే ‘తిన్న బిడ్డా’ అనే జవాబు వస్తుంది. ‘ఏది, పళ్లెం చూపెట్టు’ అనండి. నేను చూసే రక్తహీనతల్లో ఇలా ఒంటరిగా ఉండేవాళ్లది తక్కువ కాదు.

ఎప్పుడు పరీక్ష, ఎలా మాత్ర

హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత. గర్భిణికి 11 కంటే తక్కువైతే. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే పరీక్ష చేస్తారు. 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ‘ఆరోగ్య మహిళ’లో మంగళవారాలను స్త్రీల పరీక్షలకే కేటాయించారు. మీ దగ్గరి కేంద్రంలో అడగండి. నెలసరి ఏడు రోజులు దాటుతున్నా, గడ్డలు పడుతున్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి. గర్భసంచిలో గడ్డ ఉంటే ఎంత తిన్నా అటు నుంచి పోతూనే ఉంటుంది. మెనోపాజ్ తర్వాత రక్తం తగ్గితే పేగుల్లో, కడుపులో రక్తస్రావం ఉందేమో చూడాలి. దానికి ఆకుకూర జవాబు కాదు.

ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దు. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. మానేయకండి. పాలతో, చాయ్‌తో, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. కాల్షియం పొద్దున, ఐరన్ రాత్రి. నెలకు నీరసం తగ్గగానే చాలామంది ఆపేస్తారు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ నిండుతుంది. మాత్ర అసలే పడనివాళ్లకు సెలైన్‌లో ఎక్కించే ఐరన్ సర్కారు దవాఖానల్లోనూ ఉంది. కూర్చున్నా ఆయాసం, గుండె దడ, కాళ్ల వాపు ఉంటే మాత్రం మంగళవారం దాకా ఆగకండి, అదే రోజు రండి.