ఆరో మెట్టు మీద పొరపాటు

పిల్లలూ! పలక మీద ఈ సంఖ్య వేయండి: 429,49,67,297. ఒక మహా గణితవేత్త ఈ సంఖ్య దగ్గర పొరబడ్డాడంటే నమ్ముతారా?

1తోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు గదా! 2కు 1 కలిపితే 3. రెండు రెళ్ళు 4, ఒకటి కలిపితే 5. నాలుగు నాలుగులు 16, ఒకటి కలిపితే 17. ఇట్లాగే ఇంకా పైకి పోతే 257, ఆపైన 65,537 వస్తాయి. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మనం పలక మీద వేసిన సంఖ్య.

ఇట్లా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మాడు. నిరూపణ మాత్రం తన వద్ద లేదని ఒప్పుకున్నాడు.

1732లో ఆయిలర్ అనే గణితవేత్త ఆ ఆరో సంఖ్యను 641తో భాగించాడు. శేషం సున్న! ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయన తరువాత నిరూపించాడు. అటువంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదోదానికే గుట్టు బయటపడుతుంది!

ఈ తీరున వచ్చే ప్రధాన సంఖ్య ఆరోది నేటికీ ఎవరికీ దొరకలేదు.

అయిదుసార్లు నిజమైనంత మాత్రాన ఆరోసారి నిజం కావాలని లేదు. నా మాట కూడా ఊరికే నమ్మకండి. 67,00,417ను 641తో హెచ్చవేసి మీరే చూడండి!